గాలి లేని టైరు మీద రెండు కిలోమీటర్లు: కొత్త టైరు వేయమంటే అది మోసమా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. కర్నూలు నుంచి అనంతపురం వస్తూ, గుత్తి దాటాక రాత్రి ఎనిమిదిన్నరకు వెనక ఎడమ టైరు పంచరైంది. కారులో అమ్మగారు, ఇద్దరు పిల్లలు. చీకట్లో ఆగడానికి భయమేసి రెండు కిలోమీటర్లు అలాగే నడిపి దాబా దగ్గర ఆపారు. స్టెప్నీ తీస్తే అందులో గాలి లేదు. దాబా వాళ్లు పిలిపించిన పంచర్ అబ్బాయి మేకు పీకి, రబ్బరు తాడు దూర్చి, గాలి పట్టి పంపాడు. మర్నాడు అనంతపురంలో టైర్ల అంగట్లో చూపిస్తే సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ పోయింది, కొత్తది వేయాల్సిందే అన్నారు. అంత చిన్న మేకుకు టైరు మొత్తం ఎలా పోతుంది, మోసం చేస్తున్నారా అన్నది మీ మొదటి ప్రశ్న. మళ్లీ ఇలాగైతే ఏం చేయాలన్నది రెండోది.

నేను అనంతపురంలో 24 ఏళ్లుగా టైర్ల పనిలోనే ఉన్నాను. మొదట హైవే పక్కన రేకుల షెడ్డులో లారీలకు పంచర్లు వేశాను, తర్వాత కార్ల టైర్లు, వీల్ అలైన్‌మెంట్. మీ టైరు నేను చూడలేదు. కానీ గాలి లేకుండా రెండు కిలోమీటర్లు నడిపానని మీరే రాశారు కాబట్టి, వాళ్లు చెప్పింది నిజమయ్యే అవకాశమే ఎక్కువ. మేకు పెట్టిన బెజ్జం మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుందేమో. టైరును పాడుచేసింది ఆ తర్వాతి రెండు కిలోమీటర్లు.

కారు బరువును రబ్బరు మోస్తుందని అనుకుంటాం. అసలు మోసేది లోపలి గాలి. టైరులో 33 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి ఉన్నంతసేపు పక్క గోడ నేల దగ్గర కాస్త వంగి మళ్లీ లేస్తుంది. గాలి పోయాక ఆ గోడ రిమ్ముకూ రోడ్డుకూ మధ్య పడి మడతలు మడతలుగా నలుగుతుంది. చక్రం ఒక్కసారి తిరిగితే గోడలో ప్రతి చోటా ఒక మడత. 185/65 ఆర్15 సైజు టైరు కిలోమీటరుకు 500 సార్లకు పైగా తిరుగుతుంది, అంటే మీదీ అలాంటి సైజే అయితే రెండు కిలోమీటర్లకు గోడ వెయ్యి సార్లకు పైగా మడతపడింది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతుంటే వేడెక్కి తెగిపోతుంది చూడండి, అలాంటిదే ఇదీ. గోడ లోపల ఉండే పాలిస్టర్ దారాల పొర ఆ వేడికి రబ్బరు నుంచి విడిపోతుంది. నెమ్మదిగానే నడిపానని రాశారు. నెమ్మదిగా వెళ్తే వేడి తగ్గుతుంది, మడతల లెక్క మాత్రం తగ్గదు.

మోసమా కాదా అనేది ఎవరినీ అడగకుండా మీరే తేల్చుకోవచ్చు. టైరును రిమ్ము మీద నుంచి విప్పమనండి, విప్పేటప్పుడు పక్కనే నిలబడండి. గాలి లేకుండా నడిచిన టైరును విప్పితే లోపల నుంచి నల్లటి పొడి రాలుతుంది. దంచిన మిరియాల పొడిలా గరుగ్గా ఉంటుంది. ఒక్కోసారి గుప్పెడు వస్తుంది. అది టైరు లోపలి రబ్బరే, మడతలు పడిన చోట రాసుకుని రాలిన పొడి. తర్వాత లోపలికి చెయ్యి పెట్టి గోడ మీదుగా వేళ్లు తిప్పండి. బాగున్న టైరు లోపల నున్నగా తగులుతుంది. పాడైనదానిలో చుట్టూతా రెండు వేళ్ల వెడల్పున ఒక పట్టీ గరుగ్గా ఉంటుంది, ఎక్కువ నలిగి ఉంటే దారాలు గోటికి తగులుతాయి. ఇవి కనిపిస్తే ఇంకేం ఆలోచించకండి, ఆ టైరు మళ్లీ కారుకు ఎక్కకూడదు. లోపల పొడి లేదు, నున్నగా ఉంది, బయట ఎక్కడా బుడిపె లేదంటే మాత్రం కొత్తది ఎందుకో చూపించమని గట్టిగా అడగండి.

బయట నుంచి చూస్తే ఇదేమీ తెలియదు, అసలు చిక్కంతా అక్కడే ఉంది. కడిగి పాలిష్ పెడితే చచ్చిన టైరు కూడా కొత్తదానిలా మెరుస్తుంది. రాత్రి మీకు తాడు వేసిన అబ్బాయిని కూడా తప్పు పట్టకండి. టైరు విప్పే మిషన్ అతని దగ్గర లేదు. కంప్రెసరు, పటకారు, సూది, తాళ్లు, అంతే. మిమ్మల్ని ఇల్లు చేర్చాడు, ఆ పూటకు అది చాలా పెద్ద సాయం.

ఆ రబ్బరు తాడు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర చాలామంది అదే శాశ్వతం అనుకుంటారు. ట్యూబ్‌లెస్ టైరులో తాడు బయట నుంచి దూర్చేది. చిన్న మేకు, రోడ్డుకు తగిలే పట్టా మధ్యలో దిగింది, టైరు గాలి లేకుండా నడవలేదు అనుకుంటే తాడు చాలాకాలం నిలబడుతుంది. అలా వేల కిలోమీటర్లు తిరిగినవి నేనే చూశాను. అయినా నియమంగా చేయాల్సిన పద్ధతి వేరే ఉంది. టైరు విప్పి, లోపల చూసి, లోపలి వైపు నుంచి మష్రూమ్ ప్యాచ్ వేయాలి. పుట్టగొడుగులా ఉంటుంది కాబట్టి ఆ పేరు. కాడ బెజ్జాన్ని నింపుతుంది, గొడుగు లోపల అతుక్కుంటుంది. ఇదైనా బెజ్జం 6 మిల్లీమీటర్ల లోపు ఉండి, పట్టా మధ్య భాగంలో ఉంటేనే. పట్టా గోడతో కలిసే భుజం దగ్గర, గోడ మీద ఏది వేసినా నిలవదు, ఎందుకంటే ఆ చోటు ఎప్పుడూ వంగుతూనే ఉంటుంది. "గోడకు కూడా వేస్తానన్నా, గ్యారంటీ" అనే వాళ్లు ఉంటారు. ఊర్లో పదిరోజులు తిరగడానికి పనికొస్తుందేమో కానీ, హైవే మీద 100 వేగంలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని దాన్ని నమ్మకండి.

మోసాలు లేవా అంటే ఉన్నాయి, అది ఇంకో రకం. ఒక్క మేకు దిగిందని చూపిస్తే "నాలుగు పంచర్లున్నాయి సార్" అంటారు. నీళ్లు చల్లేటప్పుడు చేతిలో సన్నటి సూది ఉంటుంది. మనం ఫోనులో ఉంటాం. కొన్నేళ్ల కింద మా బావమరిది ఒక ఊరి బయట ఇలాగే ఐదు పంచర్లకు డబ్బు కట్టి వచ్చాడు. ఆ టైరు నేను విప్పి చూస్తే నాలుగు బెజ్జాలు ఒకే మందం, ఒకే వాలు. అందుకే మొదట సబ్బు నీళ్లు చల్లించండి. బుడగలు వచ్చిన ప్రతి చోటా సుద్దముక్కతో గుర్తు పెట్టించి, ఎన్ని ఉన్నాయో లెక్క తేలాక పని మొదలుపెట్టమనండి. పని అయ్యాక తాడు వేసిన చోట, వాల్వు మూతి దగ్గర మళ్లీ సబ్బు నీళ్లు. ఈ పది నిమిషాలు ఫోను జేబులో పెట్టుకోండి చాలు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఆగాలా, నడపాలా?

మీరు చేసింది తప్పని నేను అనను. టైరు పోతే డబ్బు పోతుంది. ఆగకూడని చోట ఆగితే మనుషులు పోతారు. పామిడి దగ్గర పెన్న వంతెన మీదో, మలుపులోనో, పక్కన మట్టి అంచు లేని చోటో పంచరైతే టైరు మీద ఆశ వదిలేసుకుని, హజార్డ్ లైట్లు వేసి, మనిషి నడిచేంత వేగంతో బాగున్న చోటు దాకా వెళ్లండి. అదే చోటు బాగుండి, వెడల్పుగా అంచు ఉండి, దూరం నుంచి కారు కనిపిస్తుంటే వంద గజాల లోపే ఆపాలి. ఆ రాత్రి మీరు ఆగిన చోటుకు ముందు అలాంటి అంచు వచ్చిందా లేదా మీకే తెలుసు.

మీరు వచ్చిన 44వ నంబరు జాతీయ రహదారి మీద మీకు ఇంకో దారి ఉంది, అది మీ ప్రశ్నలో ఎక్కడా కనిపించలేదు. 1033కు ఫోన్ చేయండి. అది జాతీయ రహదారుల సంస్థ సహాయ నంబరు. పెట్రోలింగ్ బండి వస్తుంది, అవసరమైతే క్రేన్ పంపిస్తారు. వాళ్లు టైరు మార్చకపోయినా, వెనక ఆ బండి లైట్లు వెలుగుతూ నిలబడితే మీకు అదే పెద్ద ధైర్యం. ఫోనులో చోటు చెప్పడానికి రోడ్డు పక్క కిలోమీటరు రాయి మీది అంకె చూడండి. అమకతాడు, కాసేపల్లి, మరూరు టోల్ గేట్లలో ఏది దాటి ఎంతసేపైందో చెప్పినా వాళ్లకు అర్థమవుతుంది.

ఆపగానే అందరినీ ఎడమ వైపు తలుపుల నుంచి దింపి, రెయిలింగు అవతలకో, రోడ్డుకు బాగా దూరంగానో పంపండి. చలి అనీ, చీకటి అనీ, పాములుంటాయనీ పెద్దవాళ్లు కారులోనే కూర్చుంటామంటారు. ఒప్పుకోకండి. వెనక నుంచి వచ్చే లారీ డ్రైవరు గంటలకొద్దీ నడిపి ఉంటాడు, ఆగి ఉన్న కారు కూడా కదులుతోందనే అనుకుంటాడు. ఎర్ర త్రికోణం డిక్కీలోనే ఉంటుంది, చాలామంది దాని కవరు కూడా విప్పరు. దాన్ని కారు వెనక కనీసం యాభై అడుగులు... కాదు, హైవే మీద అది చాలదు, యాభై మీటర్లు, వీలైతే ఇంకా దూరంగా పెట్టండి. అక్కడికి నడిచేటప్పుడు అంచు మీదే, వచ్చే బండ్లకు ఎదురుగా ముఖం పెట్టి నడవండి.

మీకు పోయింది ఎడమ టైరు. కుడి టైరైతే లెక్క మారుతుంది. అంచు మీద ఆపినా కుడి చక్రం రోడ్డు వైపే ఉంటుంది, అక్కడ కూర్చుని నట్లు విప్పేవాడి వీపు బండ్లకు రెండు మూడడుగుల దూరంలో ఉంటుంది. రాత్రిపూట హైవే మీద కుడి టైరు మీరే మార్చడానికి కూర్చోకండి. కారును ఇంకా ఎడమకు, పూర్తిగా రోడ్డు దిగేదాకా తీసుకెళ్లాలి, లేదంటే పెట్రోలింగ్ బండి వచ్చేదాకా దూరంగా నిలబడాలి. ఈ ఒక్క మాట మాత్రం ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరికీ చెప్పండి.

స్టెప్నీ మార్చడం చూస్తే వచ్చేస్తుంది, ఒక ఆదివారం ఇంటి ముందు చేసి చూడండి. హ్యాండ్ బ్రేక్ లాగి, మొదటి గేరులో పెట్టండి, ఆటోమేటిక్ అయితే పార్కింగులో. పంచరైన చక్రానికి ఎదురు మూలలో ఉన్న చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. నట్లను కారు లేపకముందే, చక్రం నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చేయాలి. కారు లేపాక బలంగా లాగితే జాకీ ఒరుగుతుంది. పానా మీద కాలు పెట్టి బరువు వేయొచ్చు, ఎగిరి దూకకూడదు. జాకీ పెట్టే చోటు తలుపుల కింద అంచులో రెండు గాట్ల మధ్య ఉంటుంది. ఇంకెక్కడ పెట్టినా రేకు లోపలికి పోతుంది.

మన నేల సంగతి ఒకటుంది. నంద్యాల, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి. వాన పడితే జాకీ వెన్నలో చెంచా దిగినట్టు దిగిపోతుంది. మనవాళ్లు పక్కనున్న నాపరాయి ముక్క తెచ్చి కింద పెడతారు. పలచటి నాపరాయి బరువు పడగానే రెండుగా పగులుతుంది, ఎప్పుడు పగులుతుందో చెప్పలేం. అడుగు పొడవు మందపాటి చెక్క ముక్క ఒకటి డిక్కీలో పడేసుకోండి.

నేను ఈ పనిలోకి వచ్చిన నాలుగో ఏడు కడప నుంచి రాయచోటి వెళ్తుంటే గువ్వలచెరువు ఘాట్‌లో స్నేహితుడి కారు పంచరైంది. వాలు మీదే ఆపాం. పని తెలిసినవాణ్ని కదా అని రాళ్లు పెట్టకుండానే లేపాను. చక్రం బయటికి లాగిన మరుక్షణం కారు ముందుకు జరిగి జాకీ పక్కకు పడిపోయింది, బ్రేక్ డ్రమ్ము రోడ్డును గుద్దిన చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. చెయ్యి తీసి ఒక్క సెకను అయ్యుంటుంది. ఆ రోజు నుంచి చక్రం విప్పేముందు స్టెప్నీని కారు అంచు కింద పడుకోబెడతాను. పాతది విప్పగానే దాన్ని కింద తోసి స్టెప్నీని బయటికి లాగుతాను. జాకీ జారినా కారు చక్రం మీద పడుతుంది, చేతుల మీద పడదు. మీరూ అలాగే చేయండి, దీనికి పట్టేది అర నిమిషం.

నట్లు బిగించేటప్పుడు వరుసగా తిప్పుకుంటూ పోకుండా ఒకటి వదిలి ఎదురుది, అలా చేతితో పట్టించి, కారు దించాక గట్టిగా బిగించండి. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి పానా వేసి చూడాలి. స్టెప్నీ మిగతావాటికంటే సన్నగానో చిన్నగానో ఉండి, దాని మీద 80 అని స్టిక్కరు ఉంటే ఆ వేగం దాటకండి.

స్టెప్నీలో గాలి లేకపోవడం మీ ఒక్కరి సంగతి కాదు. మా అంగడికి వచ్చే కార్లలో నాలుగు టైర్లకు గాలి పట్టించుకుని "ఐదోది వద్దులే, లగేజీ ఉంది" అనేవాళ్లే ఎక్కువ. టైరు వాడకపోయినా గాలి నెలనెలా కొంచెం దిగుతుంది. నెలకోసారి డిక్కీ ఖాళీ చేయించే ఓపిక లేకపోతే మిగతావాటికంటే మూడు నాలుగు పీఎస్‌ఐ ఎక్కువ పట్టించి ఉంచండి, వేసుకున్నాక దించుకోవచ్చు. చిన్న స్టెప్నీకి మాత్రం దాని మీద రాసి ఉన్నంతే పట్టించాలి. 2020లో నిబంధనలు మార్చాక ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే సెన్సార్లు, రిపేరు కిట్టు ఉన్న కార్లు స్టెప్నీ లేకుండా కూడా వస్తున్నాయి. ఈసారి కారు కొనేటప్పుడు డిక్కీ అడుగు ఎత్తి చూడండి. కిట్టులోని ద్రవం పట్టా మీది చిన్న బెజ్జాన్నే మూస్తుంది. నాపరాయి కోసిన గోడకు అది పనిచేయదు.

అదెందుకు అంటున్నానంటే మన వైపు టైర్లు పోయే తీరు వేరు. తాడిపత్రి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు బండల లారీల నుంచి రాలిన నాపరాయి చెక్కలు అంచున పడి ఉంటాయి, కత్తిలా ఉంటాయి. ఓవర్‌టేక్ చేస్తూ అంచు దిగితే గోడ కోసుకుపోతుంది. పల్లె దారుల్లో సర్కారు కంప. పొలానికి కంచె వేయడానికి కంప లాక్కెళ్లిన దారి అయితే ఆ ముళ్లు రోజుల తరబడి ఉంటాయి. అరిగిన పట్టాలో ముల్లు దిగి, పైన విరిగి, లోపల ఉండిపోతుంది. బయటికి ఏమీ కనిపించదు. రోజుకు రెండు మూడు పీఎస్‌ఐ దిగుతుంది. ఒక టైరుకే మళ్లీమళ్లీ గాలి పట్టించాల్సి వస్తుంటే వాల్వునో రిమ్మునో అనకుండా ఒకసారి విప్పించి లోపల అరచేత్తో నెమ్మదిగా తడిమించండి. నేను అలా తీసిన ముళ్లలో కొన్ని అంగుళం పైనే ఉన్నాయి.

ఇంకొకటి ఎండ. మే నెలలో టైరు పేలుతుందని గాలి నాలుగైదు తగ్గించి పట్టించుకునేవాళ్లు అనంతపురంలో ఎంతమందో. ఇది తలకిందుల లెక్క. గాలి తక్కువైతే గోడ ఎక్కువ వంగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది, ఎండకాలంలో హైవే మీద పేలేవి ఎక్కువగా అలాంటివే. డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది, లేదంటే పెట్రోలు మూత వెనక. అందులో ఉన్న అంకె వేసవికీ చలికాలానికీ ఒకటే. పొద్దున్నే, బండి తిరగకముందు చూసి పట్టించండి. మధ్యాహ్నం దూరం తిరిగొచ్చాక నాలుగైదు ఎక్కువ చూపిస్తే అది వేడికి పెరిగింది, దించకండి.

మీ టైరు లోపల పొడి కనిపించి కొత్తది వేయాల్సి వస్తే, గోడ మీద గుండ్రటి గడిలో నాలుగంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైంది. మీ మిగతా టైర్ల సైజే, అదే రకం తీసుకోండి. అవతలి వైపు వెనక టైరు గాడులు సగానికి పైగా అరిగి ఉంటే రెండూ కలిపి మార్చి, కొత్తవి వెనక వేయించడం మంచిది. ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలనే కదా అని కొత్తవి ముందు వేయమంటారు, కానీ వానలో వెనక టైర్లు జారితే కారును పట్టుకోవడం మామూలు డ్రైవరు వల్ల కాదు.

విప్పిన పాత టైరును ఊరికే వదిలి రాకండి. కత్తితో గోడను మీ ముందే జానెడు కోయించండి. లేకపోతే అది కడిగి, మెరుపు పెట్టి, సెకండ్ హ్యాండ్ టైరుగా ఏ టాక్సీ అబ్బాయికో అమ్ముడుపోతుంది. లోపల పొడి రాలిన సంగతి అతనికి చెప్పేవాళ్లు ఉండరు.